మెదడు మాట వేలుదాకా వస్తున్నదా?

కుడిచేతి చూపుడు వేలు ఒక్కసారి కదిపి చూడండి. కదిలింది కదూ? ఇందులో వింతేముంది, ఉయ్యాలలో బిడ్డ కూడా చేసే పనే గదా అంటారేమో! కాని ఆ వేలు కదలడానికి ముందు మీ మెదడులో ఒక కబురు పుట్టింది. అది వెన్నుపాములోకి దిగింది. మెడ దగ్గర ఒక నరాన్ని పట్టుకుంది. భుజం, మోచెయ్యి, మణికట్టు దాటి వచ్చి వేలి కండరాన్ని తట్టి లేపింది. ఇంత ప్రయాణానికీ పట్టిన కాలం ఎంతనుకున్నారు? సెకండును వెయ్యి భాగాలు చేస్తే అందులో సుమారు 20 భాగాలు మాత్రమే. మీరు ఒక్కసారి రెప్ప వేసేలోగా ఆ కబురు అయిదారు మార్లు వెళ్ళగలదు.

అరవై దాటిన తరవాత ఈ సంగతి ఇంట్లో మరోవిధంగా ప్రస్తావనకు వస్తుంది. తాతగారికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పూర్వంకన్నా ఎక్కువసేపు పడుతుంది. మామ్మగారి చేతిలోంచి గ్లాసు జారుతుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. “వయసు మీద పడింది” అంటాం. ఆ ఒక్క మాటతో విచారణ ముగిసిపోతుంది. కాని అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది? కబురు పుట్టడంలోనా, దారిలోనా, దాన్ని అందుకోవలసిన కండరంలోనా? వయసు ఒకటే అయినా ఈ మూడూ మూడు వేరు వేరు సంగతులు. మూడింటికీ చికిత్సలూ వేరే.

పుర్రె తెరవకుండా, సూది గుచ్చకుండా ఈ ప్రశ్నకు జవాబు వెతికే సాధనం ఒకటి 1985 నుంచి వైద్యుల చేతిలో వుంది. దాని పూర్తి పేరు ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. పొడి అక్షరాల్లో టి.ఎం.ఎస్. అంటారు. పేరు నోరు తిరగనిదే అయినా పని మాత్రం సులువుగా అర్థమవుతుంది. తలమీద అయస్కాంతశక్తితో ఒక చిన్న తట్టు తట్టి, అది చేతికి ఎప్పుడు, ఎంత చేరిందో చూడడం. మనం దీన్ని “అయస్కాంతపు తట్టు” అని పిలుచుకుందాం.

కాలువ శివారున నిలబడితే

మాది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఎగువన గొట్టా బ్యారేజీ వుంది. దాని కాలువల కింద సేద్యం చేసేవారందరికీ ఒక అనుభవం వుంటుంది. తలుపులు ఎత్తారని కబురు వస్తుంది, శివారు పొలంలో మాత్రం నీటి చుక్క కనబడదు. రైతు ఎవర్ని అడగాలి? తలుపులు నిజంగా ఎత్తారా? పెద్ద కాలువకు ఎక్కడైనా గండి పడిందా? లేక తన పొలం పక్కనున్న పిల్లకాలువే పూడిపోయిందా? ఎండిన మడిని చూస్తూ కూర్చుంటే ఈ మూడింటిలో ఏది నిజమో తేలదు.

తెలివైన ఇంజనీరు ఏం చేస్తాడు? ఫలానా గంటకు తలుపు ఎత్తించి, శివారున ఒక లస్కరును గడియారంతో నిలబెడతాడు. నీరు వచ్చిందా లేదా, ఎంత సేపటికి వచ్చింది, ఎంత వచ్చింది అనే మూడు సంగతులు రాయిస్తాడు. తరవాత కాలువ మధ్యలో వున్న తూము దగ్గర నుంచి మళ్ళీ నీరు వదిలి అదే లెక్క తీయిస్తాడు. మొదటి కాలంలోంచి రెండో కాలాన్ని తీసేస్తే తలుపునుంచి తూముదాకా ఎంత పట్టిందో తేలిపోతుంది.

టి.ఎం.ఎస్. పరీక్ష అచ్చంగా ఇదే. మెదడులో చేతిని కదిలించే స్థలం బ్యారేజీ తలుపు. మెడ దగ్గర వెన్నుపాములోంచి నరాలు బయటికి వచ్చే చోటు నడుమ తూము. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వుండే చిన్న కండరం శివారు మడి. అక్కడ అంటించిన బిళ్ళలే లస్కరు. తలమీద తడితే చేతికి 21 మిల్లీసెకండ్లు, మెడమీద తడితే 14 మిల్లీసెకండ్లు పట్టాయనుకుందాం. తేడా 7. మెదడునుంచి మెడదాకా కబురు నడిచిన కాలం అది. ఆరోగ్యవంతుల్లో చేతికి ఇది ఇంచుమించు 6 నుంచి 8 వరకు, కాలికి 12 నుంచి 16 వరకు వుంటుంది.

కత్తి నుంచి తీగచుట్ట దాకా

మెదడుకు విద్యుత్తు తగిలిస్తే అవయవం కదులుతుందని 1870లో బెర్లిన్ నగరంలో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు కుక్కల మీద చేసి చూపించారు. ఎడమవైపు మెదడును తాకిస్తే కుడికాలు కదిలింది. మనిషి మీద ఆ ప్రయోగం 1874లో అమెరికాలోని సిన్సినాటిలో జరిగింది. ఒక రోగిష్టి స్త్రీకి వ్రణంవల్ల పుర్రె ఎముక తినివేయబడి మెదడు బయటపడింది. బార్తొలో అనే వైద్యుడు అందులోకి సూదులు దించి విద్యుత్తు పంపాడు. ఆమె చేయీ కాలూ కదిలాయి. విద్యుత్తు పెంచేసరికి మూర్ఛ వచ్చింది. కొద్దిరోజుల్లోనే ఆమె చనిపోయింది. వైద్యలోకం ఆయన్ని గట్టిగా గర్హించింది. శాస్త్రం ముందుకు నడిచిన దారిలో ఇటువంటి మరకలు కూడా వున్నాయని మరిచిపోకూడదు.

1930 ప్రాంతాల కెనడాలో మాంట్రియల్ నగరపు శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ మరో పద్ధతి పట్టాడు. మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేసేటప్పుడు, మెలకువగా వున్న రోగి అనుమతితోనే మెదడు పైపొరను మెల్లగా తాకుతూ, ఏ చోటు ఏ అవయవానిదో పటం గీశాడు. ఆ పటంలో నడుముకూ తొడకూ దక్కిన స్థలం కొంచెం. బొటనవేలికీ పెదవులకూ దక్కినది చాలా ఎక్కువ. మనిషి చేతిపనీ మాటా ఎంత నాజూకైనవో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఐనా ఇవన్నీ పుర్రె తెరిచిన తరవాతి మాటలు. 1980లో ఇంగ్లండులో మెర్టన్, మోర్టన్ అనేవారు పుర్రె తెరవకుండా, నెత్తిమీద బిళ్ళలు పెట్టి పెద్ద విద్యుత్ ఘాతం ఇచ్చి చేతిని కదిలించారు. చెయ్యి కదిలిన మాట నిజమే కాని, నెత్తిమీద చర్మంలోని నరాలు భగ్గుమన్నాయి. అంత నొప్పి పెట్టే పరీక్షకు రోగి రెండోసారి కూర్చుంటాడా?

దారి చూపినది అంతకు నూటయాభై ఏళ్ళ వెనకటి ఫారడే ప్రయోగం. మారే అయస్కాంతక్షేత్రం దగ్గరలో వున్న తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని ఆయన 1831లో కనిపెట్టాడు. తీగ బదులు మెదడు వుంటే? 1896లో దార్సన్‌వాల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెద్ద తీగచుట్టలో తల పెట్టించి చూశాడు. కళ్ళముందు మెరుపులు కనిపించాయి గాని చెయ్యి కదలలేదు. అంత శక్తిని అంత తక్కువ వ్యవధిలో విడిచిపెట్టే సాధనాలు అప్పటికి లేవు. చివరికి 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో ఆంథొనీ బార్కర్ తన సహచరులు జలినస్, ఫ్రీస్టన్‌లతో కలిసి ఆ పని సాధించాడు. తీగచుట్టను నెత్తిమీద పెట్టి మీట నొక్కారు. నొప్పి లేకుండా చెయ్యి ఎగిరిపడింది. ఆ సంగతి “లాన్సెట్” వైద్యపత్రికలో చిన్న లేఖగా అచ్చయింది. 1988లో జపానులో ఉఎనో బృందం చుట్టను ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, తట్టు చిన్న చోటుమీదనే పడేటట్టు చేసింది. నేటికీ వాడుకలో ఎక్కువగా వున్నది ఆ ఎనిమిది అంకె చుట్టే.

ఆ కుర్చీలో కూర్చుంటే

ఆరోగ్యంగా వున్న వృద్ధుల కొలతలు కూడా కావాలంటే, ఒక పెద్ద ఊరి ఆస్పత్రిలో నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాను. నాకు 68 ఏళ్ళు. హైస్కూల్లో పిల్లలకు ఫారడే సూత్రాన్ని చాలాకాలం చెప్పినవాణ్ణి. ఆ సూత్రం నా తలమీదనే పనిచేస్తుంటే చూడాలని కుతూహలం కూడా లేకపోలేదు.

ముందు ప్రశ్నలు. తలలో లోహపు ముక్కలేమైనా వున్నాయా? గుండెకు పేస్‌మేకరు పెట్టారా? చెవిలో వినికిడి యంత్రం అమర్చే ఆపరేషను జరిగిందా? ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా? ఏ మందులు వాడుతున్నారు? ఇవన్నీ రాసుకొని, జేబులోని తాళాలూ చేతిగడియారమూ తీయించారు. చెవుల్లో దూది బిళ్ళలు పెట్టారు. బొటనవేలి పక్క కండరంమీద చిన్న బిళ్ళలు అంటించారు.

డాక్టరుగారు చుట్టను నా నెత్తిమీద, ఎడమ చెవికి కొంచెం పైగా ఆనించారు. ఎడమ ఎందుకంటే, మెదడు కింది భాగంలో దారులు అడ్డదిడ్డంగా దాటుకుంటాయి. కుడిచేతికి పెత్తనం ఎడమ మెదడుది. “టక్” మని పెద్ద చప్పుడైంది. నెత్తిమీద ఎవరో వేలితో కొట్టినట్టనిపించింది. ఏమీ కదలలేదు. చుట్టను ఒక అంగుళం పక్కకు జరిపారు. మళ్ళీ “టక్”. ఈసారి నా కుడి చూపుడు వేలు, నేను చెప్పకుండానే, టపీమని కదిలింది!

ఆ క్షణాన కలిగిన ఆశ్చర్యం మాటల్లో పెట్టడం కష్టం. నా వేలు నా మాట వినడం అరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. అది మరొకరి మాట వినడం అదే మొదలు.

చుట్టలో ఆ క్షణాన వేలకొద్దీ ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. కాని అది వుండేది సెకండులో వెయ్యోవంతుకన్నా తక్కువ సేపు. పుట్టే అయస్కాంతక్షేత్రం సుమారు రెండు టెస్లాలు, అంటే భూమి అయస్కాంతశక్తికి ఇంచుమించు 40,000 రెట్లు. ఎముక దానికి అడ్డు కాదు. పుర్రెను దాటి, మెదడు పైపొరలో రెండు మూడు సెంటీమీటర్ల లోతులో చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. అంతకన్నా లోతుకు పోదు. “మన ఆలోచనలు కూడా ఇందులో కనబడతాయా?” అని పక్కనున్న పెద్దమనిషి అడిగారు. కనబడవు. ఈ పరీక్ష మనసును చదవదు. దారిని మాత్రం కొలుస్తుంది.

తెరమీద ప్రతి తట్టుకూ ఒక అల లేచింది. ముందు చిన్న శక్తితో మొదలుపెట్టి, పది తట్లలో కనీసం అయిదింటికి ఒక ఓల్టులో ఇరవై వేలవంతు ఎత్తు అల వచ్చే శక్తి ఎంతో చూశారు. దీన్ని “గడప” అనుకోవచ్చు. ఆ గడప దాటితేనే కబురు బయలుదేరుతుంది. తరవాత అల ఎంతసేపటికి లేచింది, ఎంత ఎత్తున లేచింది అని కొలిచారు. మొత్తం ముప్పావుగంట పట్టింది. లేచి ఇంటికి వచ్చాను. తలనొప్పి కూడా లేదు.

వయసు చేసే పని, చేయని పని

ఇక్కడే మన మామూలు అభిప్రాయాలకు ఒక దెబ్బ తగులుతుంది. ఆరోగ్యంగా వున్న వృద్ధుల్లో మెదడునుంచి మెడదాకా కబురు నడిచే కాలం పడుచువారి కాలంకన్నా అంతగా పెరగదు. పెద్ద కాలువ పాడవదన్నమాట. చేతుల్లో కాళ్ళలో వుండే నరాల వేగం మాత్రం కొంత తగ్గుతుంది. అల ఎత్తు తగ్గడం తరచుగా కనిపిస్తుంది. గడప పెరగడం కూడా చాలామందిలో కనిపిస్తుంది.

ఐతే గడప పెరిగిందని మెదడు నీరసించిందనుకోవడం తొందరపాటు. వయసుతోపాటు మెదడు కొద్దిగా కుదించుకుపోయి, పుర్రెకూ దానికీ మధ్య ఎడం పెరుగుతుంది. అయస్కాంతశక్తి దూరాన్నిబట్టి వేగంగా తరుగుతుంది. దీపం అదే, గోడ దూరమైంది. అందుకే పరిశోధకులు ఒక్క అంకె చూసి తీర్పు చెప్పరు.

మరో చిత్రమైన పద్ధతి 1993లో కుజిరాయి అనే జపాను వైద్యుడు లండన్ పరిశోధకులతో కలిసి ప్రకటించాడు. ముందు కబురు పుట్టనంత చిన్న తట్టు తట్టి, రెండు మూడు మిల్లీసెకండ్ల తరవాత పెద్ద తట్టు తట్టితే అల చిన్నదైపోతుంది. అంటే మెదడులో “ఆగు” అనే శక్తి కూడా వుంది. ఒక వేలు కదలాలంటే పక్క వేళ్ళు ఊరుకోవాలి గదా! బిగిసిన బొత్తాన్ని విప్పడానికి “కదులు” ఎంత అవసరమో “ఆగు” కూడా అంతే అవసరం. వృద్ధుల్లో ఈ నిగ్రహశక్తి ఎలా మారుతుందన్న విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు.

ఇక బలం సంగతి. ముసలితనంలో బలం తగ్గడానికి కండ కరగడమే కారణమని మనమంతా అనుకుంటాం. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో బ్రయన్ క్లార్క్ బృందం 2015లో దీన్ని పరీక్షించింది. వృద్ధుల్లోనే బలహీనుల్ని, బలవంతుల్ని పోల్చి చూశారు. బలహీనుల మెదడులో చలనకేంద్రం అంత చురుకుగా లేదు. వున్న కండరాన్నే పూర్తిగా పనిలోకి దించలేకపోతున్నది. కూలీలు వున్నారు, పిలిచే మేస్త్రీ గొంతు తగ్గిందన్నమాట!

దీనికి ఆశాజనకమైన తోడు సాక్ష్యం 1990లోనే వచ్చింది. బోస్టన్‌లో ఫియటరోన్ బృందం సగటున 90 ఏళ్ళ వయసున్న బలహీనులైన వృద్ధులు పదిమందిని చేర్చుకొని, ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించింది. పూర్తిచేసిన తొమ్మండుగురిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ మాత్రం 9 శాతమే పెరిగింది. కండ అంత కొంచెమే పెరిగితే బలం అంత ఎలా పెరిగింది? పిలిచే గొంతు తిరిగి లేచింది గనక. తొంభయ్యో ఏట కూడా ఆ దారి నేర్చుకోగలదు.

ఒక పడవ, ఒక చెయ్యి

కొలతలకూ అంకెలకూ అర్థం ఎప్పుడు వస్తుందంటే, అవి ఒక ఇంటి గడపలోకి వచ్చినప్పుడు. మా ఊళ్ళో ఒక మత్స్యకారుడికి 64వ ఏట పక్షవాతం వచ్చింది. ఒడ్డున తాడు లాగుతూ కూలబడ్డాడు. మాట నిలిచింది, నాలుగు రోజులకు కాలు కొంత కూడదీసుకుంది, కుడిచెయ్యి మాత్రం చచ్చుబడింది. పదకొండో రోజున పెద్ద ఊరి ఆస్పత్రిలో పరీక్షకు తీసుకువెళ్తూ, నాలుగు మాటలు చదివి చెప్పగలవాణ్ణని నన్ను వెంటబెట్టుకున్నారు. ఆయన భార్య డాక్టరుగారితో దాపరికం లేకుండా అడిగింది:

“సెయ్యి రాదంటే రాదని సెప్పీయండి బాబూ. పడవ అమ్మీమంతన్నారు మా కుర్రోళ్ళు. ఊరికే ఆశెట్టుకొని తిరిగితే ఇల్లెలాగ గడుస్తాది?”

ప్రశ్నంతా ఆ మాటలో వుంది. ఆశ పెట్టుకోవాలా, వద్దా? పెట్టుకుంటే ఎన్నాళ్ళు, ఎంత ఖర్చుమీద?

ఈ ప్రశ్నకు న్యూజీలండులోని ఆక్లండ్ నగరంలో క్యాథీ స్టినియర్ బృందం ఒక క్రమం కనిపెట్టింది. సవరించిన రూపంలో అది 2017లో అచ్చయింది. పక్షవాతం వచ్చిన మూడో రోజున రెండు కదలికలు చూస్తారు: భుజాన్ని పక్కకు ఎత్తడం, వేళ్ళు చాచడం. ఒక్కొక్కదానికి అయిదు మార్కులు. మొత్తం పదిలో అయిదో, పైనో వస్తే చెయ్యి బాగానే కోలుకునే అవకాశం వుంది, యంత్రం అక్కరలేదు. తక్కువ వస్తే వారం లోపల అయస్కాంతపు తట్టు. చెయ్యి చూపులకు చచ్చుబడి వున్నా తెరమీద అల లేచిందంటే దారి పూర్తిగా తెగలేదని అర్థం. మూడు నెలలకు అలాంటివారిలో ఎక్కువమందికి చెయ్యి పనికి వస్తుంది. అల లేవకపోతే పక్షవాతం తీవ్రతను బట్టి, కొంచెమే కోలుకుంటారా, దాదాపు కోలుకోరా అని అంచనా వేస్తారు. ఈ జోస్యం నలుగురిలో ముగ్గురి విషయంలో నిజమైంది. జోస్యం ముందుగా తెలిసిన రోగులు ఆస్పత్రిలో వుండే కాలం సుమారు ఒక వారం తగ్గిందని కూడా ఆ బృందమే తేల్చింది.

మా పడవ యజమానికి ఆ వారం గడువు దాటిపోయినా, దారి వుందో లేదో చూద్దామన్నారు డాక్టరుగారు. మొదటి తట్టుకు ఏమీ లేదు. రెండో తట్టుకూ లేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శక్తి పెంచి మళ్ళీ తట్టారు. గీత మధ్యలో చిన్న అల లేచింది, మడిలో చీమ పాకినంత. మళ్ళీ తట్టారు, మళ్ళీ లేచింది.

“చూడమ్మా, చేతికి దారి మొత్తం తెగిపోలేదు. సన్నగా మిగిలి వుంది. మనుషులు నడిస్తేనే కాలిబాట నిలుస్తుంది. మూడు నెలలు రోజూ సాధన చేయించండి, వదలొద్దు. ఐతే వెనకటి చెయ్యి వెనకటిలాగా వస్తుందని మాత్రం నేను చెప్పను” అన్నారాయన.

ఆయన చెప్పినట్లే జరిగింది. మూడు నెలలకు పిడికిలి మూసి తెరవగలిగాడు. అయిదో నెలకు తాడు పట్టాడు. వల విసరలేడు, విసరలేడు కూడా. కాని ఒడ్డున కూర్చొని చిరిగిన వలలు బాగుచేస్తాడు. పడవ అమ్మలేదు. కొడుకులు వేటకు వెళ్తారు.

అదే రోజున ఆ గదిలోనే మరొక వృద్ధుడికి ఎంత తట్టినా అల లేవలేదు. డాక్టరుగారు అదీ దాచలేదు. ఎడమచేత్తో అన్నం తినడం, బట్ట కట్టుకోవడం, రాయడం నేర్పించమన్నారు. పనిచేయని భుజం జారిపోకుండా, నొప్పి పుట్టకుండా చూసుకోమన్నారు. నడకమీద శ్రద్ధ పెట్టమన్నారు. ఆ కొడుకు మొహం వాడిపోయింది. కాని బయటికి వచ్చిన తరవాత, “ఇంక ఆ నూనెలవాళ్ళ చుట్టూ, ఈ ఊరూ ఆ ఊరూ తిప్పను. ఉన్న డబ్బు నాన్న నడకకే పెడతాను” అన్నాడు. చేదు నిజం కూడా ఒక్కొక్కప్పుడు ఇంటిని నిలబెడుతుంది.

మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో జరిగిన పరిశోధన ఫలితం 2017లో వెలువడింది. ఇంటివారికి శిక్షణ నేర్పి రోగిచేత చేయించినందువల్ల, మామూలు వైద్యంకన్నా అదనపు లాభం అందులో కనబడలేదు. ప్రేమకు విలువ లేదని దీని అర్థం కాదు. అందరికీ ఒకే సాధన చెప్పి ఊరుకుంటే చాలదేమోననీ, ఎవరికి ఏ దారి మిగిలి వుందో ముందు తెలుసుకోవడం మంచిదనీ నాకు తోస్తుంది.

“కాళ్ళు ఇసకలో దిగినట్టుంటాయి”

మా అప్పకు 73 ఏళ్ళు. రెండేళ్ళుగా నడక మందగించింది. “అడుగు వేద్దామంటే కాళ్ళు ఇసకలో దిగినట్టుంటాయి తమ్ముడూ” అనేది. కోడళ్ళు, మనవలు, చుట్టుపక్కలవారు అందరూ వయసునే నిందించారు. చేతివేళ్ళు కూడా మొద్దుబారుతున్నాయని ఆమె చెప్పిన తరవాతనే నరాల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. కాళ్ళ నరాలు వయసుకు తగ్గట్టే వున్నాయి. కాని మెదడునుంచి నడుందాకా కబురు నడిచే కాలం, 16కు మించకూడనిది, 22 మిల్లీసెకండ్లు వచ్చింది. పిల్లకాలువ బాగానే వుంది, పెద్ద కాలువలో ఎక్కడో అడ్డు పడింది. ఎం.ఆర్.ఐ. తీస్తే మెడ ఎముకలు అరిగి పెరిగి వెన్నుపామును నొక్కుతున్నాయని తేలింది. ఆపరేషను జరిగింది. పరుగులెత్తడం లేదు గాని, జబ్బు ముదరడం ఆగింది. గోడ పట్టుకోకుండా గుడిదాకా నడుస్తుంది.

ఇటువంటి నొక్కులే కాక, బి-12 విటమిను లోపంవల్ల కూడా వెన్నుపాములో దారి మందగించవచ్చు. శాకాహారుల ఇళ్ళలో ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన మాట. ఒక రక్తపరీక్షతో బయటపడుతుంది, సమయానికి పడితే సూదిమందుతో నయమవుతుంది. “వయసు” అన్న మాట చాటున ఇలాంటి జబ్బులు ఎన్నో దాక్కుంటాయి.

మన దేశంలో ఈ కొలతలు కొత్తవేమీ కావు. లక్నోలోని సంజయ్ గాంధీ వైద్యసంస్థలో యు.కె. మిశ్రా, జె. కలిత పలు మెదడు, వెన్నుపాము జబ్బుల్లో ఈ కాలాన్ని కొలిచారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ప్రమోద్ కుమార్ పాల్ బృందం పార్కిన్సన్ వంటి వణుకుజబ్బుల్లోనూ, తూలుజబ్బుల్లోనూ దీన్ని ఉపయోగించింది.

ఐతే ఇది సర్వరోగ నివారిణి కాదు, సర్వజ్ఞురాలూ కాదు. ఎక్కడ దారి మందగించిందో చెబుతుంది గాని, ఎందుకో చెప్పదు. అందుకు ఎం.ఆర్.ఐ., రక్తపరీక్షలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఓపికగా పరీక్షించే డాక్టరు కావాలి. ఇదే యంత్రంతో తట్టు వెంట తట్టు వేసి మనోవ్యాకులతకు చికిత్స చేయడానికి అమెరికాలో 2008లో అనుమతి లభించింది. అది వేరే పని. పక్షవాతాన్ని అయస్కాంతంతో నయం చేస్తామని ఎవరైనా గట్టిగా హామీ ఇస్తే మాత్రం జేబు పట్టుకోండి. ఆ పరిశోధన ఇంకా సాగుతూనే వుంది. చేతికి కట్టుకునే అయస్కాంతపు కడియాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంట్లో చేయదగిన పరీక్ష

యంత్రం అందరి ఊళ్ళోనూ వుండదు. కాని గడియారం ప్రతి ఇంట్లోనూ వుంది. వరండాలో నాలుగు మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. ఇంట్లో పెద్దవారిని మామూలుగా నడవమనండి. అయిదు సెకండ్లకన్నా ఎక్కువ పడితే డాక్టరుతో ఒకసారి మాట్లాడవలసిన నడక అది. రెండో పరీక్ష: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. పన్నెండు సెకండ్లు, అంతకు పైన పడితే పడిపోయే భయం వుందని అర్థం. పక్కన ఒకరు తోడు నిలబడండి. తేదీ వేసి గోడ క్యాలెండరు మీద రాయండి. ఆర్నెల్లకోసారి చూడండి. ఒక్క అంకెకన్నా, అంకె మారుతున్న తీరు ఎక్కువ చెబుతుంది.

మూతి ఒకవైపు వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా నూనె మర్దనాలతో, మంత్రాలతో ఒక్క నిమిషం కూడా పోగొట్టవద్దు. 108కి ఫోను చేయండి. రక్తపుగడ్డను కరిగించే మందు ఇవ్వడానికి గడువు నాలుగున్నర గంటలే. మా ఊరినుంచి శ్రీకాకుళం పాతిక ముప్ఫయి కిలోమీటర్లు. ఆ గడువులో చేరగల దూరమే, వెంటనే బయలుదేరితే.

చివరగా ఒక్క మాట. ఇంట్లో పెద్దవారు “నా కాళ్ళు నా మాట వినడం లేదు” అన్నప్పుడు అది విసుగు కాదు, అలంకారమూ కాదు. తమ శరీరంలో జరుగుతున్నదాన్ని వారు వున్నది వున్నట్టుగా చెబుతున్నారు. మాట ఎక్కడ ఆగిపోతున్నదో వెతకడం మన వంతు.